దేశానికి మూడు కొటేషన్లు

2019 జూలై 11, గురువారం. ఆ ఉదయం చద్దన్నంలో గడ్డపెరుగు కలుపుకుని, పక్కింటి వాళ్లు పంపిన మాగాయ టెంకతో తిన్నాను. టెంక ఇంకా నోట్లో ఉండగానే పోస్టుమాన్ రిజిస్టర్డ్ కవరు తెచ్చాడు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఎండలో నిలబడ్డాడు గానీ తొందరపెట్టలేదు.

కవర్లో ఉన్నది మా జిల్లా విదేశీ విద్యా సహాయ కేంద్రం వారి ఉత్తర్వు. పేద విద్యార్థులను పై చదువులకు ‘తక్కువ ఖర్చుతో కూడిన, ఇంగ్లీషు మాట్లాడే దేశానికి’ పంపే పథకం ఒకటి మంజూరైంది. ఆ దేశం ఏదో తేల్చడానికి ‘దేశ ఎంపిక కమిటీ’ వేశారు. డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను కనుక నన్ను భాషా నిపుణుడిగా నియమించారు. జీతం లేదు. సమావేశానికో టీ, రెండు బిస్కట్లు.

మా ఆవిడ శారద పోయి అప్పటికి నాలుగేళ్లు. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేనివాడికి కమిటీ సభ్యత్వం చిన్న వరం కాదు. అక్కడ మనం నోరు విప్పకపోయినా చర్చించినట్టు మినిట్సులో రాస్తారు.

కేంద్రం ఆఫీసు కాలవ గట్టున పాత గోడౌన్లో ఉండేది. ఒక హాలు, దాని వెనక స్టోరు గది. స్టోరు తలుపు నేలకి రాసుకుని, తీసినా వేసినా చప్పుడు వీధి చివరిదాకా వినపడేది. అందరూ దాన్ని కాలితో తన్ని మూసేవారు. హాల్లో డైరెక్టర్ ప్రభంజనరావు గారు, అకౌంట్స్ ఆఫీసర్ ఆదిశేషయ్య గారు, సూపరింటెండెంట్ కనకరత్నం గారు కూర్చునేవారు. మొదటి ఇద్దరూ, నేనూ కమిటీ. కనకరత్నం గారు మినిట్సు రాసే మనిషి. ఆవిడకి ఇంకో ఏడాది సర్వీసుంది. మొదటి రోజు నేను కుర్చీలో కూలబడగానే ఫ్యాను గాలి నా మీదికి వచ్చేలా ఆవిడ తన బల్ల ఫ్యాను మెడ తిప్పింది. తిప్పినట్టు కూడా తెలియనివ్వలేదు.

మొదటి సమావేశంలో డైరెక్టర్ గారు పావుగంట ప్రసంగించారు. ఈ చారిత్రక బాధ్యతను పారదర్శకంగా, నిబంధనలకు లోబడి, ఏ దేశం పట్లా రాగద్వేషాలు లేకుండా నిర్వర్తించాలని దాని సారాంశం. ఆ తరువాత నిబంధనల సంగతి ఆదిశేషయ్య గారు చూసుకున్నారు. ఐదు వేలు దాటిన ఏ వస్తువు కొన్నా మూడు కొటేషన్లు ఉండాలి, తక్కువ ధర చెప్పినవారికే ఇవ్వాలి. కిందటేడు సీలింగు ఫ్యాన్లు అలాగే కొన్నాం, ఒక్క ఆడిట్ అభ్యంతరం రాలేదు అన్నారు. దేశం ఐదు వేలు దాటుతుందా దాటదా అన్నదొక్కటే ఆయన సందేహం. దాటుతుందని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాను. తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం రావడంలేదు. నేనేమీ అనలేదు. మినిట్సులో నేను హర్షించినట్టు ఉంది.

ఆ మరుసటి సోమవారం గుత్తుల ప్రసూన వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. వాళ్ల నాన్న పాలకేంద్రం వ్యాను నడుపుతాడు. ఈ పిల్ల డెయిరీ టెక్నాలజీ చదివింది. గేదెల పొదుగువాపు రోగం మీద పై చదువు చదవాలని ఎక్కడెక్కడికో రాసుకుంది. ఐర్లండులో ఒక విశ్వవిద్యాలయం సీటిచ్చి ఫీజు మొత్తం మాఫీ చేసింది. విమానం టిక్కెట్టు, ఏడాది బస ఖర్చు మాత్రం తను చూసుకోవాలి. ఆ ఖర్చు ఎవరు భరిస్తారో కాగితం ఆగస్టు 30లోగా అందితే సీటు ఉంటుంది, లేకపోతే జాబితాలో తరవాతి వాళ్లకి పోతుంది. మా పథకం ఉన్నదే అందుకు కనుక నేరుగా మా దగ్గరకొచ్చింది.

కనకరత్నం గారు కుర్చీ చూపించారు. కూర్చోకుండానే ఉత్తరం ఆదిశేషయ్య గారికిచ్చింది. ఆయన దాన్ని వెలుతురులోకి పట్టుకుని, ముందూ వెనకా చూసి, వాత్సల్యంగా చెప్పారు.

“బావుందమ్మా. ఇది ఒక కొటేషన్. ఇంకో రెండు దేశాలు పట్రా.”

“నేను ఒక్క దేశానికే వెళ్తానండీ” అంది ప్రసూన.

“మేమూ ఒక్క కంపెనీ ఫ్యాన్లే కొన్నాం తల్లీ. కొటేషన్లు మూడు తీసుకున్నాం.”

ఆ పిల్ల, ఇంకే దేశమూ తనకి సీటు ఇవ్వలేదనీ, ఇవ్వని దేశం కొటేషన్ ఎలా ఇస్తుందనీ అడిగింది. మంచి ప్రశ్న, కమిటీ ముందు పెడతాం అన్నారు డైరెక్టర్ గారు. పెట్టారు కూడా. దాని ఫలితంగా, దేశాలను విద్యార్థులు తెచ్చుకోవడం కుమ్మక్కుకు దారితీస్తుందనీ, కేంద్రమే ప్రపంచ దేశాల నుంచి నేరుగా సీల్డు టెండర్లు పిలవాలనీ తీర్మానమైంది.

ఆ టెండరు నోటీసు నా చేత ఇంగ్లీషులోకి మార్పించారు. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే నాకు కాస్త సిగ్గు, కాస్త ముచ్చట. పాల్గొనే దేశం కనీసం మూడేళ్లుగా దేశంగా వ్యాపారంలో ఉండాలి. ఏ ప్రభుత్వశాఖా తనను నల్లజాబితాలో పెట్టలేదని నోటరీ ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి. పాన్ కార్డు జిరాక్సు జతపరచాలి. ధరావత్తు ఇరవై వేలు మా ఊళ్లో చెల్లే డిమాండు డ్రాఫ్టు రూపంలో కట్టాలి. ఏ కారణం చూపకుండానే ఏ దేశాన్నైనా తిరస్కరించే హక్కు డైరెక్టరుకు ఉంది.

దేశానికి పాన్ కార్డు ఉండదేమో అని మెల్లగా అన్నాను.

“అప్లై చేసుకోమనండి మాస్టారూ. పదిహేను రోజుల్లో వస్తుంది” అన్నారు ఆదిశేషయ్య గారు.

నిబంధన ప్రకారం నోటీసు రెండు స్థానిక దినపత్రికల్లో వేశారు. ఒకదాంట్లో అది బోరుబావుల ప్రకటనకీ సంతాన సాఫల్య కేంద్రానికీ మధ్య వచ్చింది. వారం చూశాం. ఏ దేశమూ షెడ్యూలు ఫారం కొనుక్కోలేదు. గడువు ఇంకో వారం పొడిగించారు.

ఆగస్టు 8న బిడ్డర్ల సందేహ నివృత్తి సమావేశం జరిగింది. దేశాలకు ఏమైనా అనుమానాలుంటే వచ్చి అడగవచ్చు. ఎనిమిది కుర్చీలు వేయించారు. ఎనిమిది టీలు, ఎనిమిది ప్లేట్ల బిస్కట్లు తెప్పించారు. పదకొండు గంటలకని పిలిస్తే ఒంటిగంట దాకా ఒక్క దేశమూ రాలేదు. గుమ్మం దగ్గర ప్రసూన నిలబడి ఉంది. సమావేశం పూర్తయిందన్నాక డైరెక్టర్ గారు మినిట్సు చెప్పి రాయించారు: ‘హాజరు కావలసిన దేశాలు ఎటువంటి సందేహమూ వ్యక్తం చేయలేదు. నిబంధనలు స్పష్టంగా ఉన్నట్టు దీన్నిబట్టి భావించడమైనది.’

కనకరత్నం గారు అది రాసి, పెన్ను మూతపెట్టి, చల్లారుతున్న టీల్లో ఒకటి తీసుకెళ్లి ప్రసూన చేతికిచ్చింది. ఏ దేశం వాటా అని ఎవరూ అడగలేదు.

ఆగస్టు సగం గడిచింది. ఈలోగా ఇంకో పన్నెండు మంది పిల్లల దరఖాస్తులు పోస్టులో వచ్చాయి. ప్రసూన రెండు రోజులకోసారి వచ్చి గుమ్మంలో నిలబడేది. పాల వ్యాను మధ్యాహ్నం ఖాళీ, అందులో వచ్చి అందులోనే వెళ్లేది. ఒకరోజు వాళ్ల నాన్న కూడా లోపలికొచ్చాడు. చేతిలో లీటరు జున్నుపాల సీసా. మర్యాదకి తెచ్చాడు గానీ ఎవరికివ్వాలో తెలియక దాన్ని చంకలోనే పెట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యగారండీ, ఆ పిల్లకి వాళ్లే రమ్మన్నారంటండి. మనం మళ్లీ బేరం ఆడితే వాళ్లు కోప్పడరాండీ?” అన్నాడు.

బేరం కాదు, పోటీతత్వం అని డైరెక్టర్ గారు సరిదిద్దారు. జున్నుపాలు అతను తిరిగి తీసుకెళ్లిపోయాడు. నాకు ఆ సంగతి చాలా బాధ కలిగించింది.

దేశాలు ముందుకు రానప్పుడు కేంద్రమే దేశాల దగ్గరకు వెళ్లాలని కమిటీ నిర్ణయించింది. వెళ్లడమంటే ఫోనులో. దేశం నిజంగా ఇంగ్లీషు మాట్లాడుతుందా అన్నది సాంకేతిక అర్హత, టమాటా కిలో ఎంత అన్నది ఆర్థిక అర్హత. రెండూ ఒక్క కాల్లోనే తేలిపోతాయి. డైరెక్టర్ గారి డైరీ వెనక అన్ని దేశాల ఫోను కోడ్లూ అచ్చువేసి ఉన్నాయి. టెండరు గోప్యత దృష్ట్యా ఆ దేశాల పేర్లు నేనిక్కడ రాయకూడదు.

మొదటి దేశంలో రికార్డు చేసిన గొంతు ఎత్తింది. ఇంగ్లీషు కావాలంటే ఒకటి నొక్కమంది. ఆదిశేషయ్య గారు ఫోను పెట్టేశారు. “చూశారా మాస్టారూ, కావాలంటేనే మాట్లాడతారట. వాళ్లంతట వాళ్లు మాట్లాడరు.” ఆ దేశం సాంకేతికంగా అనర్హం.

రెండో దేశంలో ఒకాయన ఎత్తి ఎంత వేగంగా మాట్లాడాడంటే డైరెక్టర్ గారు ఫోను నా చెవికి ఆనించారు. నాకు అర్థమైంది, టమాటా ధర కూడా రాసుకున్నాను. అయినా అది లెక్కలోకి రాలేదు. నిపుణుడికి మాత్రమే అర్థమయ్యే ఇంగ్లీషు సామాన్య ప్రజానీకానికి ఉపయోగపడదని తీర్మానమైంది.

మూడోది పసిఫిక్ సముద్రంలో ఎక్కడో ఒక దీవి. పోస్టాఫీసులో ఒక ముసలావిడ ఎత్తింది. నిదానంగా, ప్రతి మాటా విడమరిచి మాట్లాడింది. తన మోకాళ్ల నొప్పుల గురించీ, తన మేకల గురించీ చెప్పింది. నేను నా మోకాళ్ల గురించి చెప్పాను. టమాటాలు అక్కడ కొనరట, దొడ్లో కాస్తే పొరుగువాళ్లు ఊరికే ఇచ్చుకుంటారట. ఇంత తీరిగ్గా నాతో ఎవరైనా మాట్లాడి చాలా కాలమైంది. ఫోను పెట్టేసేటప్పుడు ఒంట్లో జాగ్రత్త అని కూడా అంది.

ఆదిశేషయ్య గారు ధరల పట్టిక గీశారు. టమాటా కిలో సున్నా. ప్రపంచంలో అతి తక్కువ ఖర్చుగల ఇంగ్లీషు దేశం ఖరారైంది. డైరెక్టర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ దీవిలో విశ్వవిద్యాలయం లేదని ఆవిడ చెప్పిన సంగతి నేను కమిటీకి విన్నవించాను.

డైరెక్టర్ గారు టెండరు నోటీసు తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచీ చివరిదాకా చదివారు. “విశ్వవిద్యాలయం ఉండాలని మనం ఎక్కడా పెట్టలేదు మాస్టారూ. ఇప్పుడు పెడితే నిబంధనలు మధ్యలో మార్చినట్టవుతుంది. రేపు ఏ దేశమైనా కోర్టుకెళ్తే?”

ప్రసూనని పిలిచి శుభవార్త చెప్పారు. ఆ పిల్ల ముఖంలో ఏడుపు లేదు, కోపం లేదు. దీవి ఎక్కడుందో పటంలో వెతికింది, దొరకలేదు. చివరికి అడిగింది.

“అక్కడ గేదెలున్నాయాండీ?”

“మేకలున్నాయట” అన్నాను.

అయితే దీవికి పంపించడానికీ ఒక చిక్కు వచ్చిపడింది. ముసలావిడ చెప్పింది నోటిమాట. దాన్ని ఒక కొటేషన్ కిందే లెక్కవేయలేం, ఇక మూడెక్కడ అన్నారు ఆదిశేషయ్య గారు. పథకం మొత్తాన్ని వచ్చే ఆర్థిక సంవత్సరానికి వాయిదా వేయాలని ఆగస్టు 29న ముసాయిదా తీర్మానం రాయించారు. మర్నాడే గడువు.

30న నేను తొందరగా వెళ్లాను. ముసాయిదా మీద సంతకం పెట్టాలి. హాల్లో కనకరత్నం గారు ఒక్కరే ఉన్నారు. గుమ్మంలో ప్రసూన. మామూలుగా నిలబడే ఉండే పిల్ల ఆరోజు మెట్టు మీద కూర్చునుంది. ముసాయిదా చదివాను. పెన్ను తీశాను, మళ్లీ జేబులో పెట్టాను.

“మాస్టారూ” అంది కనకరత్నం గారు, తల ఎత్తకుండానే. “కిందటేడు ఐటీఐ వాళ్లకి ఒక మైక్రోస్కోపు బల్బు కొన్నామండి. ఆ బల్బు ఒక్క కంపెనీయే చేస్తుంది. దానికి మూడు కొటేషన్లు ఎక్కడొస్తాయి? ఇది ఒక్కచోటే తయారవుతుంది, ఇంకెక్కడా దొరకదు అని నిపుణుడు రాసిచ్చాడు. ఒక్క కొటేషన్‌తోనే కొనేశాం. ఆదిశేషయ్య గారే పాస్ చేశారు.”

నేను కూర్చున్నాను. ఈ మాట జూలైలోనే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నేను కమిటీలో లేనుగా అండీ. మినిట్సు రాసేదాన్ని.” సొరుగులోంచి బల్బు తాలూకు పాత సర్టిఫికెట్ నకలు తీసి నా ముందు పెట్టింది. “ఈ ఆఫీసులో ఇంగ్లీషుకి నిపుణులు మీరొక్కరే కదా.”

నకలు చూసి రాశాను: ‘ఐర్లండు దేశపు ఇంగ్లీషు ఐర్లండులో మాత్రమే తయారవుతుందనీ, దానికి సమానమైన ఇంగ్లీషు ఇతర దేశాలలో గానీ, బహిరంగ మార్కెట్లో గానీ లభ్యం కాదనీ, నా ముప్పై రెండేళ్ల అనుభవంతో ధ్రువీకరిస్తున్నాను.’

రాసింది రెండుసార్లు చదువుకున్నాను. ముప్పై రెండేళ్లపాటు పిల్లల ఇంగ్లీషును ఎర్రసిరాతో కొట్టేసిన చెయ్యి ఇది. అబద్ధం రాయడం దానికి అలవాటు లేదు.

“ఇందులో అబద్ధమేమైనా ఉందాండీ?” అని అడిగింది ఆవిడ.

వెతికాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. సంతకం పెట్టాను.

పదకొండింటికి ఇద్దరు అధికారులూ వచ్చారు. సర్టిఫికెట్ చూడగానే ఆదిశేషయ్య గారి ముఖం విచ్చుకుంది. ఇన్నాళ్లూ ఇది ఎవరూ చెప్పలేదేం, ఇది సక్రమమైన పద్ధతి కదా, నిబంధన ఏడు, ఉపనిబంధన రెండు అన్నారు. డైరెక్టర్ గారు సంతకం చేసి, ప్రపంచంలో ప్రత్యామ్నాయం లేని దేశాన్ని గుర్తించిన ఘనత మన కేంద్రానికే దక్కిందని నా చెయ్యి పట్టుకుని ఊపారు. దీవిని అందరూ మరిచిపోయారు.

అంతా అయిపోయిందనుకుని ప్రసూన మెట్టు మీద నుంచి లేచింది. ఆదిశేషయ్య గారు చెయ్యెత్తి ఆపారు. కొన్న వస్తువు స్టాకులో చేరనిదే మంజూరు ఉత్తర్వు ఇవ్వకూడదు. బిల్లు వెనక స్టాకు సర్టిఫికెట్ ఏది?

దేశాన్ని స్టాకులో ఎలా చేరుస్తామని నేను అడగబోయాను. కనకరత్నం గారు నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను. ఆవిడ పెద్ద స్టాకు రిజిస్టరు తెరిచి, పేజీ నంబరు వేసి, ఫ్యాన్ల కింద గీత గీసి, అందమైన చేతిరాతతో రాసింది: ‘దేశం: ఒకటి. మంచి స్థితిలో అందినది.’ విరిగేదా విరగనిదా అనే గడి దగ్గర మాత్రం కాసేపు ఆగింది. విరిగేదని రాసింది.

“భద్రపరిచిన చోటు?” అన్నారు ఆదిశేషయ్య గారు. మార్చిలో భౌతిక తనిఖీ ఉంటుందట.

“స్టోరు గదండీ” అంది ఆవిడ. ఐర్లండు వారి ఉత్తరం అసలు కాపీని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన స్టాకు నంబరు అంటించింది. జిరాక్సు ఒకటి ప్రసూనకిచ్చింది.

మంజూరు ఉత్తర్వు స్కాన్ చేసి మెయిల్లో పంపేసరికి సాయంత్రం ఐదూ ఇరవై. ఐర్లండులో ఇంకా మధ్యాహ్నం ఒంటిగంట కాలేదని ప్రసూన వేళ్ల మీద లెక్క చూసి చెప్పింది. పావుగంటలో అందినట్టు జవాబొచ్చింది. ఆ పిల్ల ఫోను మా అందరికీ చూపించింది. బయట వ్యాను హారను మోగింది. వెళ్తూ వెళ్తూ వెనక్కొచ్చి, జున్నుపాల సీసా కనకరత్నం గారి బల్ల మీద పెట్టి పరుగెత్తింది. ఈసారి వాళ్ల నాన్నకి ఎవరికివ్వాలో తెలిసిందన్నమాట.

అధికారులు సంచులు సర్దుకుంటుండగా ఆదిశేషయ్య గారు ఒక సంగతి చెప్పారు. ఇంకా పన్నెండు దరఖాస్తులు ఉన్నాయి కదా, వాటి మాటేమిటని నేను అడిగినందుకు చెప్పారు.

“అవి కుదరవండీ. స్టాకులో దేశం ఒకటి ఉండగా ఇంకోటి కొనడానికి వీల్లేదు. ఉన్నది పాడైతేనో, తరుగుదల కింద కొట్టేస్తేనో అప్పుడు ఇండెంట్ పెట్టాలి.”

డైరెక్టర్ గారు అది పొదుపు అన్నారు. ఇద్దరూ వెళ్లిపోయారు.

నేను కూర్చున్నచోటే ఉండిపోయాను. ఒక్క పిల్ల కోసం నేను పెట్టిన సంతకం పన్నెండు మందికి గుమ్మం మూసిందని అర్థమవుతోంది. వాళ్ల దరఖాస్తులు కనకరత్నం గారి బల్ల మీదే ఉన్నాయి, నూలు తాడుతో కట్టిన చిన్న కట్ట. ఎవరెవరో, ఏమేం చదవాలనుకున్నారో. నా ముఖం చూసి ఆవిడకి తెలిసినట్టుంది.

“మన స్టోర్లో ఎలకలు ఎక్కువండీ మాస్టారూ” అంది. “కిందటేడు రెండు తివాచీలు కొట్టేశాయి. పంచనామా రాసిచ్చాను, వాళ్లు సంతకం పెట్టారు.”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“మార్చి దాకా ఎందుకు, డిసెంబరులోనే కొట్టేస్తాయి లెండి” అని, దరఖాస్తుల కట్ట తీసి తన సొరుగులో పెట్టుకుని తాళం వేసింది. “అప్పుడు మిమ్మల్ని మళ్లీ పిలుస్తాం. ఇంకో ఇంగ్లీషు చూసిపెట్టుకోండి.”

ఖాళీ సీసా తెచ్చి జున్నుపాలు సగం అందులో పోసి నా చేతికిచ్చింది. ఇంట్లో వండుకోవడం వచ్చా అని అడగలేదు, బెల్లం ఎంత వెయ్యాలో మాత్రం చెప్పింది.

తరవాత ప్లాస్టిక్ కవరు పట్టుకుని స్టోరు గదిలోకి వెళ్లింది. విరిగిన కుర్చీల వెనక, కాలిపోయిన ఫ్యాన్ల పక్కన, పై అరలో ఐర్లండుని పెట్టి బయటికొచ్చింది. రోజూ అందరూ తన్ని మూసే ఆ తలుపుని రెండు చేతులతో పట్టుకుని, నేలకి రాసుకోకుండా కొంచెం పైకెత్తి, చప్పుడు లేకుండా దగ్గరికి వేసింది.